ఏం చెయ్యాలో సరే, ఎంతసేపు చెయ్యాలి?

నేను క్యాజువాలిటీలో నర్సుని. ఎవరిని తీసుకొచ్చినా, ఏమైందని అడిగిన వెంటనే నేనడిగే రెండో ప్రశ్న "ఎన్నింటికి?" అని. దానికి చాలామంది దగ్గర జవాబుండదు. ప్రథమ చికిత్సలో ఏం చెయ్యాలో అంతో ఇంతో అందరికీ తెలుసు. ఎంతసేపు చెయ్యాలో తెలియక మధ్యలో వదిలేస్తారు. అందుకే ఇక్కడ నిమిషాలతో సహా చెబుతున్నాను.

ఒళ్లు కాలితే కుళాయి తిప్పి, కాలిన చోటుని చల్లటి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచండి. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టుంటుంది, చెయ్యి తీసేస్తారు. పైచర్మం చల్లబడ్డా లోపలి పొరల్లో వేడి ఇంకా కాలుస్తూనే ఉంటుంది. వెంటనే నీళ్లు దొరక్కపోయినా 3 గంటల్లోపు ఎప్పుడు పెట్టినా మేలే. నీళ్ల కింద ఉండగానే ఉంగరాలు, గాజులు, వాచీ తీసెయ్యండి. వేలు ఉబ్బిపోయాక ఉంగరాన్ని కట్టర్‌తో కొయ్యాల్సి వస్తుంది. ఆ కట్టర్‌కి ఉండే సన్నటి రేకుని కాలిన చర్మానికీ ఉంగరానికీ మధ్య దూర్చేటప్పుడు మనిషి ఎంత విలవిల్లాడతాడో నాకు తెలుసు. ఒంటికి అంటుకుపోయిన బట్టని మాత్రం లాగొద్దు. ఐసు పెట్టొద్దు, టూత్‌పేస్టు పుయ్యొద్దు, బొబ్బలు చిదపొద్దు. ముఖమో చేతులో కాలినా, కాలినది అరచేతికన్నా పెద్దగా ఉన్నా, పసిపిల్లలైనా శుభ్రమైన పల్చటి ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకురండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి. కనీసం 10 నిమిషాలు. ఆగిందా లేదా అని గుడ్డ ఎత్తి చూడకండి, అప్పుడప్పుడే గడ్డకడుతున్నది ఊడిపోతుంది. తడిసిపోతే దానిమీదే ఇంకో గుడ్డ వేసి ఇంకా గట్టిగా నొక్కండి. లోపల ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకకుండా దాని చుట్టూ అదమండి. ముక్కులోంచి రక్తం వస్తే తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. తల వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి పోతుంది.

ఫిట్స్ వచ్చిన మనిషిని అదిమి పట్టుకోకండి, నోట్లో ఏమీ పెట్టకండి. తల కింద మెత్తటిది పెట్టి, తగిలే వస్తువులు జరిపి టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్లీ మొదలైనా, ఇదే మొదటిసారైనా అంబులెన్స్‌ని పిలవండి. కొట్టుకోవడం ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

మూతి ఒక పక్కకి పోయినా, చెయ్యి ఎత్తితే జారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా అది పక్షవాతం కావచ్చు. కాసేపు పడుకుంటే తగ్గుతుందని మాత్రం చూడకండి, నా మాట వినండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే మందు సాధారణంగా మొదటి 4.5 గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ తీశాకే. నిద్ర లేచేసరికి అలా కనిపిస్తే లేచిన టైమ్ ఒక్కటే సరిపోదు, చివరిసారి మామూలుగా ఉండగా ఎప్పుడు చూశారో చెప్పండి. నీళ్లు, మాత్రలు నోట్లో వెయ్యొద్దు.

గొంతుకి ఏదైనా అడ్డం పడితే, దగ్గగలిగినంతసేపు దగ్గనివ్వండి. మాట, ఊపిరి రాకపోతే ముందుకు వంచి రెండు భుజపుటెముకల మధ్య 5 సార్లు గట్టిగా చరచండి. అయినా రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. బయటపడేదాకా ఇలా మార్చి మార్చి చెయ్యాలి. ఏడాదిలోపు బిడ్డకి, గర్భిణికి పొట్ట నొక్కకూడదు.

ఇక గుండె ఆగడం. పిలిస్తే పలకడు, ఊపిరి మామూలుగా లేదు. ఈ రెండూ చూడ్డానికి 10 సెకన్లు చాలు. ఆగి ఆగి గురక పెట్టినట్టు నోరు తెరిచి గాలి లాగుతుంటే "ఊపిరి తీస్తున్నాడుగా" అని చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోతారు. అది ఊపిరి కిందికి రాదు, సీపీఆర్, అంటే ఛాతీ నొక్కడం, మొదలుపెట్టండి. అంబులెన్స్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టుకోండి. గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక చేతిమీద ఇంకో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. పక్కటెముక పటుక్కుమన్నా ఆపకండి, ఎముక అతుక్కుంటుంది. ఇంకొకరుంటే 2 నిమిషాలకోసారి మారండి, అలిసిపోయిన చేతులు తెలియకుండానే పైపైన నొక్కుతాయి. గుండెకి కరెంటు షాకిచ్చే ఏఈడీ యంత్రం అందుబాటులో ఉంటే తెప్పించి, అది చెప్పినట్టు చెయ్యండి. పిల్లలకీ, నీళ్లలో మునిగినవాళ్లకీ నోటితో ఊపిరి ఊదడం కూడా అవసరం, నేర్చుకున్నవాళ్లు 30 నొక్కులకి 2 ఊపిర్లు ఇవ్వాలి. మనిషి కదిలి మామూలుగా ఊపిరి తీసుకునేదాకా, లేదా అంబులెన్స్ వాళ్లు వచ్చి మీ చేతుల్లోంచి అందుకునేదాకా నొక్కుతూనే ఉండండి.