సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కొనడం – నాలుగవ పాఠం: నీట మునిగిన బండిని గుర్తించడం

గత పాఠంలో ఆర్.సి.ని, ఫైనాన్సు బాకీని, పాత చలానాలను ఎలా సరిచూసుకోవాలో నేర్చుకున్నాము. అవన్నీ సక్రమంగా ఉన్నా, విజయవాడలో బండి కొనేవారు ఆ కాగితాలలో కనబడని ఒక సంగతిని తేల్చుకోవలసి ఉంటుంది. 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోత వానకు బుడమేరు వాగు పొంగి, మర్నాటికల్లా సింగ్‌నగర్, పాయకాపురం తదితర ప్రాంతాలను ముంచెత్తింది. చాలా వీధులలో నీరు రోజుల తరబడి కదలలేదు. సెల్లార్లలో నిలిపి ఉంచిన కార్లను బయటకు తీసే వ్యవధి కూడా చాలామందికి దొరకలేదు. అలా మునిగిన వాటిలో కొన్ని తుక్కుకు పోయాయి. కొన్ని కడుగుకొని, ఆరబెట్టుకొని, పాలిష్ పెట్టించుకొని మళ్ళీ అమ్మకానికి వచ్చాయి. మన ఊరి బండే వద్దనుకొని బయటి నుంచి తెచ్చుకొనేవారు కూడా 2020 అక్టోబరులో హైదరాబాదుకు, 2015, 2023 డిసెంబరు నెలల్లో చెన్నైకి వచ్చిన వరదలను మరచిపోకూడదు.

మామూలు చిన్న కారు మునిగితే కలిగే నష్టం వేరు, బెంజ్, బి.ఎం.డబ్ల్యు., ఆడి వంటి బండి మునిగితే కలిగే నష్టం వేరు. ఈ బండ్లలో తలుపు అద్దం మొదలుకొని సీటు కదలిక వరకు చాలా పనులను కంట్రోల్ యూనిట్లు, అంటే చిన్న కంప్యూటర్లు, నడిపిస్తాయి, అవి ఉమ్మడి వైరింగు మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వాటిలో కొన్నింటిని సీట్ల కింద, కార్పెట్ అడుగున అమరుస్తారు. చాలా మోడళ్లలో బ్యాటరీ కూడా డిక్కీలోనే ఉంటుంది. పైగా లోపలికి రోడ్డు చప్పుడు రాకుండా కార్పెట్ కింద మందపాటి స్పాంజి పరుస్తారు. పైన కార్పెట్ పొడిగా తగిలినా, ఆ స్పాంజి వారాల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. ఆ తడికి కప్లర్లలో, అంటే వైర్లను కలిపే ప్లగ్గులలో, చిలుము పట్టడానికి నెలలు పడుతుంది కనుక, కొన్న రోజున చక్కగా నడిచిన బండి ఆరు నెలల తరువాత ఒక్కొక్క హెచ్చరిక దీపాన్ని వెలిగించడం మొదలుపెడుతుంది.

మునిగిన బండికి ఇన్సూరెన్సు క్లెయిము నమోదై ఉంటుంది కదా, అది చూస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. చూడవలసిందే. గత మూడేళ్ల పాలసీలను వరుసగా అడిగి తీసుకోండి. ఒకే యజమాని పేరు మీద 2024 నాటికి 50 శాతం ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆ తరువాతి పాలసీలో సున్నాకు పడిపోతే, దానికి కారణం చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిదే. అయితే నీటిలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ దెబ్బతింటే, ఇంజన్ ప్రొటెక్ట్ కవరు విడిగా తీసుకోనివారికి ఆ నష్టానికి పరిహారం సాధారణంగా రాదు. అటువంటివారు క్లెయిము పెట్టకుండా బయట బాగు చేయించుకొని అమ్మేస్తారు. అప్పుడు ఏ రికార్డులోనూ జాడ మిగలదు. అందుకే బండినే చదవడం నేర్చుకోవాలి.

బండిని ఉదయం పూట, అంతకు ముందు రాత్రంతా అద్దాలు మూసి ఉంచిన స్థితిలో చూపించమని కోరండి. తలుపు తీసిన మొదటి క్షణంలో వచ్చే వాసనే అన్నిటికన్నా నిజం చెబుతుంది. ముక్కిన వాసన వస్తే సరేసరి. ఘాటైన సెంటు వాసన వచ్చినా అనుమానించండి. ఆ తరువాత సీటు బెల్టును, ఇక రానంటున్నంత వరకు, పూర్తిగా బయటకు లాగండి. ఇది నేను దగ్గరగా చూసిన విషయం. నిరుడు గురునానక్ కాలనీలో ఒక నల్లని సెడాన్‌ను చూడటానికి వెళ్లాను. లోపలి తోలు మెరుస్తోంది, కిలోమీటర్లు కూడా తక్కువే తిరిగింది. డ్రైవరు బెల్టు కొత్తదిలా శుభ్రంగా ఉంది. వెనుక సీటు ఎడమ బెల్టును మాత్రం చివరి జానెడు దాకా లాగేసరికి, నేత మధ్యలో మట్టిరంగు గీత ఒకటి అడ్డంగా కనిపించింది. దానిపై తడిపిన తెల్లటి చేతిరుమాలును రుద్దితే సన్నని ఒండ్రు అంటుకుంది. రోజూ వాడే బెల్టును మార్చినవారు, ఎవరూ లాగని బెల్టును వదిలేశారు. ఆ బండికి నేను అడ్వాన్సు ఇవ్వబోయిన మాట నిజం. ఆ గీత నన్ను ఆపింది.

తరువాత తలుపు అంచున ఉండే రబ్బరు బీడింగును కొద్దిగా పైకెత్తి, కార్పెట్ అడుగున వేళ్లు పెట్టి స్పాంజిని నొక్కి చూడండి. సీటును వెనక్కి జరిపి, నేలకు బిగించిన బోల్టులను టార్చి వేసి పరిశీలించండి. తుప్పు ఎంత ఉందో, తల మీద స్పానరు గాట్లు ఉన్నాయో లేదో చూడండి. సీట్లు ఎవరో విప్పారంటే దానికి ఒక కారణం ఉంటుంది. డిక్కీలో అడుగు పలకను ఎత్తి, స్టెప్నీ గుంతలోనూ బ్యాటరీ చుట్టూరా ఒండ్రు ఉందేమో చేత్తో తడమండి. పాత బండికి రెండు హెడ్‌లైట్లూ కొత్తవైతే ఎందుకు మార్చారో అడగండి. బండి కంప్యూటర్లలో నమోదైన లోపాలను చదివే స్కానరు పరీక్షను ఆటోనగర్‌లో ఆ కంపెనీ బండ్లు చూసే మెకానిక్కు చేత చేయించుకోవడం మంచిది. లోపాల కోడ్‌లు ఏమీ లేకపోతే సంతోషించక, వాటిని ఇటీవల చెరిపేశారేమో కూడా చూడమనండి.

ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెప్పకండి. సన్‌రూఫ్ నీరు దిగే గొట్టాలు పూడుకుపోతే మంచి బండిలోనూ కార్పెట్ తడుస్తుంది, ఏ.సి. నీరు బయటకు పోయే దారి మూసుకుపోయినా అంతే. అయితే అలా వచ్చిన తడి ఒక మూలనే ఉంటుంది, ఒండ్రు ఉండదు. వరద నీరు మాత్రం రెండు వైపులా ఒకే ఎత్తున గీత గీసి పోతుంది. సముద్రపు గాలికి తిరిగిన బండి బోల్టులకు పైపై తుప్పు పట్టడం కూడా సహజమే.

నా అభిప్రాయంలో నీరు సీటు దిండును దాటిన లగ్జరీ కారును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు. కార్పెట్ వరకే తడిసి, యజమాని ఆ మాట తానే చెప్పి, మార్చిన భాగాల బిల్లులు చూపిస్తే, ఆలోచించవచ్చు.

అభ్యాసం: ఈ వారం మీ సొంత బండికో, మీ బంధువుల బండికో ఈ పరీక్ష అంతా చేయండి. అయిదు బెల్టులూ చివరిదాకా లాగండి, నాలుగు మూలలా స్పాంజిని నొక్కండి, మునగని బండి లోపల ఎలా ఉంటుందో కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ కాగితాన్ని అయిదవ పాఠానికి దగ్గర ఉంచుకోండి. అందులో రాత్రికి రాత్రి కిందికి దిగిపోయే ఎయిర్ సస్పెన్షన్‌ను, అంటే స్ప్రింగులకు బదులు గాలితో బండిని మోసే అమరికను, పరిశీలిస్తాము.