కామిక్ కార్ల డైకాస్ట్ నమూనాలు: హైదరాబాదు ఇళ్లలో తరచుగా వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

బ్యాట్‌మొబైల్ గానీ, స్పైడర్‌మ్యాన్ బగ్గీ గానీ, షోకేసులో ఉన్న ఏ డైకాస్ట్ (అచ్చులో లోహం పోత పోసి చేసిన) కారులోనైనా లోపం కనిపించగానే గుడ్డా స్పిరిట్టూ తీసుకోకండి. పైకి ఒకేలా కనిపించే రెండు లోపాలకు వేర్వేరు కారణాలుంటాయి. ఒకదాన్ని బాగుచేసే పద్ధతే రెండోదాన్ని పూర్తిగా పాడుచేస్తుంది.

టైర్లు కరిగి కింది పలకకు అంటుకుపోవడం

కారు ఎత్తబోతే చక్రాలు రావు, వచ్చినా కారును నిలబెట్టిన పలక మీద జిగట మచ్చలు, గుంటలు మిగులుతాయి. టైరు పాడైందని చాలామంది అనుకుంటారు గాని, అసలు కారణం టైరుకూ పలకకూ మధ్య జరిగే రసాయన చర్య. పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన టైరు మెత్తగా ఉండడానికి అందులో కలిపిన ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి మెల్లగా బయటికి ఊరుతుంది, అది తగిలిన చోట పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పలక మెత్తబడుతుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో, పై అంతస్తులో పడమటి గోడకు ఆనించిన అద్దాల బీరువాలో ఈ చర్య మరింత వేగంగా సాగుతుంది.

అంటుకున్న కారును గుంజకూడదు, గుంజితే ఇరుసు వంగుతుంది. టైరుకూ పలకకూ మధ్య పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారాన్ని దూర్చి, రంపం లాగినట్టు నిదానంగా ముందుకూ వెనక్కూ లాగితే విడిపోతుంది. జిగటను సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. ఆ తరువాత చక్రాల కింద పలుచని పాలిథిన్ ముక్క పెట్టండి, లేదా చక్రాలు గాలిలో ఉండేటట్టు అడుగుభాగం కింద చిన్న చెక్క దిమ్మె పెట్టండి. డబ్బా విప్పకుండా దాచుకున్న కార్లకూ ఈ ప్రమాదం తప్పదు కనుక, ఏటా వేసవికి ముందు ఒకసారి విప్పి చూడడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

నల్ల రంగు మీద సన్నని గీతలు, మసక

1955 నాటి లింకన్ ఫ్యూచురా అనే ప్రదర్శన కారును, కార్లకు కొత్త రూపాలిచ్చే జార్జ్ బారిస్ బ్యాట్‌మొబైల్‌గా మార్చాడు. 1966 టీవీ ధారావాహిక కోసం తయారైన ఆ కారు నల్లగా నిగనిగలాడేది కనుక దాని నమూనాలూ అలాగే ఉంటాయి, ఏ చిన్న గీత పడినా దాగదు. ఊరంతా కట్టడాలు సాగుతున్న హైదరాబాదులో గాలి దుమ్ములో ఇసుక, సిమెంటు రేణువులు ఉంటాయి. పొడిగుడ్డతో తుడిచినప్పుడు అవే రంగును గీకుతాయి. అందుకని ముందు కెమెరా శుభ్రం చేసే రబ్బరు బుడ్డితో గాలి ఊది, మెత్తని బ్రష్‌తో దులిపి, ఆ పైన మాత్రమే కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ వాడాలి. స్పిరిట్ తగిలితే అంచుల మీద అచ్చువేసిన ఎర్ర గీతలు, ప్లాస్టిక్ భాగాల మీది వెండి పూత లేచిపోవచ్చు.

రంగు ఉబ్బడం, బీటలు వారడం

ఈ రెంటినీ కలిపేసి కంగారు పడేవారు చాలామంది. రంగు కింద చిన్న బుడగలు లేచి, పగిలిన చోట తెల్లని పొడి కనిపిస్తే అది తేమ పని. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలో మూసిన డబ్బాలో, తేమ పీల్చిన స్పాంజి మధ్య ఉన్న కార్లకు వస్తుంది. స్పాంజి తీసేసి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, అది తేమ పీల్చుకోగానే మార్చుతూ ఉండండి.

లోహమే బీటలు వారితే అది జింక్ పెస్ట్ అనే వ్యాధి. పోత పోసిన జింకు మిశ్రమంలో సీసం వంటి మలినాలు ఉంటే లోహపు రేణువుల మధ్య తుప్పు పుట్టి, శరీరం ఉబ్బి ముక్కలవుతుంది, దీనికి మందు లేదు. 1929లో జామాక్ అనే జింకు మిశ్రమాన్ని ప్రవేశపెట్టినప్పుడు 99.99 శాతం శుద్ధమైన జింకునే వాడాలన్న నియమం వచ్చింది ఈ కారణంగానే. కామిక్ కార్ల నమూనాలు చాలావరకు 1960ల తరువాతివి కనుక వీటిలో ఇది అరుదు. కారు తిప్పి, రంగు వేయని అడుగు లోహం చూడండి: అక్కడా బీటలుంటేనే జింక్ పెస్ట్, పైన మాత్రమే ఉంటే పాత రంగు ఎండి చిట్లినట్టు. జింక్ పెస్ట్ పక్క కారుకు అంటుకునే రోగం కాదు, వేరుచేసి దాచడం అవసరం లేదు.

కాక్‌పిట్ అద్దం తెల్లబడటం

విరిగిన భాగాన్ని సూపర్ గ్లూతో అతికిస్తే దాని ఆవిరి అద్దం మీద తెల్లని పొరగా పేరుకుంటుంది. అద్దం దగ్గర ఎండిన తరువాత పారదర్శకంగా ఉండే తెల్ల జిగురు వాడండి. బీరువాలో కలరా ఉండలు కూడా వేయకండి, వాటి ఆవిరికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

చక్రం బిగుసుకోవడం

ఎక్కువగా ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకో నూలు పోగో కారణం. సూదిమొనతో లాగితే చాలు, నూనె వద్దు.

సంతలో కొన్న కారులో భాగాలు లేకపోవడం

ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి చోట్ల పాత కారు దొరికితే, అది లోహమో ప్లాస్టిక్కో తెలుసుకోవడానికి ముందు బరువు చూడండి. అయస్కాంతం జింకుకూ అంటదు, ప్లాస్టిక్కుకూ అంటదు కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. 1966లో వచ్చిన కార్గీ అనే బొమ్మల కంపెనీ 267 నంబరు బ్యాట్‌మొబైల్‌లో వెనక గొట్టాల్లోంచి దూసుకొచ్చే చిన్న ప్లాస్టిక్ రాకెట్లే సాధారణంగా ముందు పోతాయి. కొత్తగా అచ్చుపోసిన భాగాలు అమర్చవచ్చు. ఏ భాగం, ఎప్పుడు మార్చారో చీటీ మీద రాసి డబ్బాలో ఉంచితే, రేపు ఆ కారు కొనే మనిషికి అసలుదేదో తెలుస్తుంది.