ఆన్‌లైన్ ఎంబీఏ: ఫీజు కంటే ముందు పరీక్షల నెల అడగండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణంలో లెక్కలు రాస్తాను. ఆ పని చేసుకుంటూనే దూరవిద్యలో ఎంబీఏ పూర్తి చేశాను. అప్పటి నుంచి డిగ్రీ అయిన పిల్లలు ఎదురుపడితే చాలు, "అన్నా, తక్కువ ఫీజులో ఆన్‌లైన్ ఎంబీఏ ఏది మంచిది?" అని అడుగుతారు. నేను మాత్రం ముందు "నీకు ఏ నెలలో పని ఎక్కువ?" అంటాను.

కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోనే తీసుకోండి. అక్కడ సెమిస్టర్ పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో ఉంటాయి. పత్తి అడ్తిలో పనిచేసేవాడికి డిసెంబర్‌లో అన్నం తినే తీరిక కూడా ఉండదు. విత్తనాలు, ఎరువుల షాపులో ఉన్నవాళ్లకు జూన్ అంతే. ఆర్టీసీ డిపోలో ఉంటే రెండేళ్లకోసారి మేడారం జాతర, అప్పుడు సెలవు మాట ఎత్తలేరు. పరీక్ష ఒకసారి తప్పిందంటే ఆర్నెల్లు పోతాయి, ఆ పేపర్లకు మళ్లీ ఫీజు కట్టాలి. అందుకే పరీక్షలు ఎప్పుడో, కోర్సు పూర్తి చేయడానికి ఎన్నేళ్ల వరకు గడువు ఇస్తారో ముందు తెలుసుకోండి. ఇగ్నో ఎంబీఏ కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు. సీజన్ పని చేసేవాళ్లకు ఆ రెండేళ్ల వెసులుబాటు ఫీజులో తగ్గింపు కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక డబ్బు. ఇగ్నోలో నాలుగు సెమిస్టర్లకూ కలిపి లక్షలోపే అవుతుంది. అక్కడ ఎంబీఏ దూరవిద్యలోనూ ఉంది, ఆన్‌లైన్‌లోనూ ఉంది. ప్రైవేటు యూనివర్సిటీల ఆన్‌లైన్ ఎంబీఏ లక్ష, రెండు లక్షలు, పేరున్నదైతే ఇంకా పైన. ఎక్కడైనా సరే ప్రకటనలో పెద్ద అక్షరాల్లో వేసిన అంకెను నమ్మకండి. రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజు, ప్రాజెక్టు ఫీజు, తప్పిన పేపర్ ఫీజు, చివర్లో పట్టా ఫీజు అన్నీ విడివిడిగా రాసి మెయిల్ పెట్టమనండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. అడ్తిలో తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) లేకుండా రైతు కదలడు కదా, ఇదీ అంతే.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది మాత్రం గుర్తింపు మీద. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీలో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులను చూసే డీఈబీ అనే విభాగం ఉంది. ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకు, ఏ పద్ధతిలో, ఏ సెషన్‌కు అనుమతి ఉందో దాని వెబ్‌సైట్లో ఉంటుంది. ఈ నాలుగూ కలిపి చూడాలి. యూనివర్సిటీకి బీకాం అనుమతి ఉండి ఎంబీఏకు లేకపోవచ్చు. దూరవిద్యకు ఉండి ఆన్‌లైన్‌కు లేకపోవచ్చు. నిరుడు ఉన్నది ఈసారి లేకపోవచ్చు. మన కాకతీయ అయినా, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అయినా, ఎక్కడో ఉన్న ప్రైవేటుదైనా ఇదే పద్ధతి. జాబితాలో ఉన్న కోర్సు చేస్తే ఆ పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమేనని 2022లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. కాబట్టి "ఆన్‌లైన్‌దా?" అని చుట్టాలు మూతి విరిస్తే టెన్షన్ పడకండి.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. మేనేజ్‌మెంట్‌లోనే పీజీడీఎం అని ఇంకోటి ఉంటుంది, అది డిప్లొమా, ఎంబీఏ డిగ్రీ. "ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్" అంటూ పెద్ద సంస్థల పేరుతో అమ్మేవి చాలావరకు సర్టిఫికెట్లే. నేర్చుకోవడానికి మంచివే కావచ్చు, ప్రమోషన్ ఫైల్లో ఎంబీఏ అని రాసుకోవడానికి పనికిరావు. సింగరేణిలోనో, ప్రభుత్వ ఆఫీసులోనో ఉన్నవాళ్లు చేరకముందే పైవాళ్ల అనుమతి కాగితం మీద తీసుకోవాలి.

2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేవాళ్లు డీఈబీ ఐడీ అనే నంబర్ సొంతంగా తీసుకోవాలి. దానికి ముందు మన చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబర్, అంటే ఏబీసీ ఐడీ కావాలి, అది డిజిలాకర్‌లో ఆధార్‌తో వస్తుంది. మనవాళ్లకు ఇక్కడే చిక్కు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. అడ్మిషన్ చివరి వారంలో ఆధార్ సెంటర్ ముందు నిలబడే బదులు ఇప్పుడే సరిచేయించుకోండి. "ఐడీ అక్కర్లేదు, మేం చూసుకుంటాం" అని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టేయండి.

ఒకసారి వెబ్‌సైట్లో నంబర్ ఇచ్చారంటే ఫోన్లు ఆగవు. నాకూ ఒకాయన రాత్రి తొమ్మిదింటికి చేసి "రెండే సీట్లున్నాయి సార్" అన్నాడు. వారం తర్వాత మళ్లీ చేశాడు, అప్పుడూ రెండే! "మా సెంటర్లోనే చేరండి, పరీక్ష కూడా మేమే రాయిస్తాం" అనేవాళ్లు ఇంకో రకం. యూనివర్సిటీ తన కోర్సును ఫ్రాంచైజీకి ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. డబ్బు యూనివర్సిటీ ఖాతాకే వెళ్లాలి, రసీదు దాని పేరు మీదే రావాలి.

పరీక్ష ఇంట్లోనా, సెంటర్లోనా అన్నదీ అడగండి. ఇంట్లో అయితే కెమెరా ఉన్న ల్యాప్‌టాప్, నిలకడైన నెట్, తలుపు వేసుకునే గది కావాలి. కరెంటు పోతే ఏం చేస్తారో వాళ్లనే చెప్పమనండి. రెండు గదుల ఇంట్లో పిల్లలతో ఉండేవాళ్లకు సెంటర్‌కు వెళ్లి రాయడమే నయమని నా అభిప్రాయం.

చదవగలమా లేదా అని అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వెబ్‌సైట్ స్వయం పోర్టల్లో మేనేజ్‌మెంట్ కోర్సు ఒకటి ఉచితంగా చేరి చూడండి. డ్యూటీ అయ్యాక నెలరోజుల పాటు వీడియోలు చూసి అసైన్‌మెంట్లు చేయగలిగితే ఎంబీఏ కూడా చేయగలరు.

వడ్డీ లేని ఈఎంఐ అంటే మాత్రం సంతకం పెట్టేముందు చదవండి. చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు. చదువు మధ్యలో మానేసినా కిస్తీ ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది. సెమిస్టర్‌కోసారి కట్టే వీలున్న చోటే చేరండి. జూలైకి మొదటి సెమిస్టర్ డబ్బులు సర్దుబాటు కాకపోతే అప్పు చేయకుండా ఆగండి, జనవరిలో మళ్లీ అడ్మిషన్లు ఉంటాయి.