చెంచాలో కరెంటు పోదా సార్?

ఎనిమిదో తరగతికి వాహకాలు (కరెంటు పోయేవి), బంధకాలు (పోనివి) చెప్పేటప్పుడు నేను పుస్తకం తర్వాత తెరుస్తాను. ముందు బల్ల మీద రెండు పెన్సిల్ సెల్లులు, 2.5 వోల్టుల టార్చి బల్బు, హోల్డరు, మూడు వైరు ముక్కలు పెడతాను. ఎల్‌ఈడీ టార్చీలు వచ్చాక ఆ బల్బు దొరకడమే గగనమైంది. పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగి చూడండి.

ఒక సెల్లు ప్లస్ రెండోదాని మైనస్‌కి తగిలేలా పెట్టి కాగితంలో బిగించి చుట్టండి. రెండు కొసల్లో చెరో వైరు అదిమి, సైకిల్ ట్యూబు కత్తిరించిన రింగు నిలువుగా తొడిగితే కదలవు. ఒక వైరు హోల్డరుకి, హోల్డరు రెండో వైపు నుంచి మూడో వైరు. రెండు కొసలు ఖాళీగా మిగులుతాయి. వస్తువు పెట్టాల్సింది ఆ సందులోనే.

మొదటిసారి నేను స్టీలు చెంచా పెట్టి నొక్కితే బల్బు వెలగలేదు. "చెంచాలో కరెంటు పోదా సార్?" అన్నాడొకడు. తీరా చూస్తే హోల్డరు స్క్రూ వదులు. అప్పటి నుంచి ఒకటే పద్ధతి: ప్రతి వస్తువుకీ ముందు, తర్వాత ఖాళీ కొసలు రెండూ తాకించి బల్బు వెలుగుతోందో లేదో చూడాలి. అది చూడకుండా దేన్నీ బంధకం అనకూడదు.

వెలుగుతుందా లేదా అన్నది పిల్లలు ముందే నోట్‌బుక్‌లో రాయాలి, పెన్నుతో. పెన్సిల్ అయితే తర్వాత చెరిపేస్తారు! రూపాయి బిళ్ళ, సుద్దముక్క, ప్లాస్టిక్ స్కేలు దగ్గర పెద్దగా తప్పులుండవు. తగువంతా బిస్కెట్ ప్యాకెట్ దగ్గరే. వెండిలా మెరుస్తుంది కాబట్టి వెలుగుతుందని అందరూ రాస్తారు. వెలగదు. ఆ మెరుపు పలచటి లోహపు పూత, దాని మీద మళ్ళీ ప్లాస్టిక్ పొర. మోటారు వైండింగ్ వైరూ అంతే, కొసల్లో పైనున్న ఎనామిల్ పూత గీకితే గానీ దారికి రాదు. రెండు వైపులా చెక్కిన పెన్సిల్‌కి బల్బు మసకగా వెలుగుతుంది. పొట్టి పెన్సిల్ అయితే వెలుగు పెరుగుతుంది.

నీళ్ళకి ఈ బల్బు చాలదు, బల్బు వెలగాలంటే కరెంటు ఎక్కువ కావాలి. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, దానికి వరసలో కరెంటుని అదుపు చేసే 470 ఓముల రెసిస్టరు వాడండి. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. ఖాళీ కొసలకి చెరో మేకు కట్టి, గ్లాసు నీళ్ళలో ఒకదానికొకటి తగలకుండా దించండి. ఇంట్లో ప్లగ్గుతో ఇలా చేయొద్దని ముందే గట్టిగా చెప్పండి. అక్కడుండేది 230 వోల్టులు, ప్రాణం పోతుంది.

ఇన్వర్టరుకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఎల్‌ఈడీ వెలగదు. చిటికెడు ఉప్పు వేసి కలిపితే వెలుగుతుంది, మేకుల చుట్టూ బుడగలు కూడా వస్తాయి. ఇక పంచదార. దీనికి వేరే గ్లాసు, వేరే నీళ్ళు, తుడిచిన మేకులు. ఒకసారి ఉప్పు మేకుల్నే అందులో ముంచారు, ఎల్‌ఈడీ సన్నగా వెలిగింది. పంచదార నీళ్ళు వాహకమని సగం క్లాసు రాసేసుకుంది. మేకులు కడిగించి, కొత్త నీళ్ళు పోయించి మళ్ళీ చేయించేసరికి బెల్లు కొట్టేశారు.