తేడా అనిపించిందా, తాళం తిప్పకండి

మా పక్క వీధిలో ఉండే ఒకాయన పోయిన ఆదివారం తన కారుకు ఇంజిన్ ఆయిల్ తనే మార్చుకున్నారు. కింద ట్రే పెట్టి, ఆయిల్ దించే ప్లగ్ విప్పితే ఎర్రగా, పల్చగా కారింది. వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ ఆయిల్ నల్లగా కదా ఉండాలి, ఇదేమిటి ఎర్రగా ఉంది అని ఒక్క క్షణం అనిపించిందట. 'ఈ కంపెనీ వాళ్లది ఇలాగే ఉంటుందేమోలే' అనుకుని ప్లగ్ బిగించేశారు. పైనుంచి కొత్త డబ్బా మొత్తం పోసి సెల్ఫ్ కొట్టారు.

ఆయన విప్పింది గేర్‌బాక్స్ ప్లగ్. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఉండే ఎర్రటి ఆయిల్ చాలా వరకు ట్రేలోకి దిగిపోయింది. ఇంజిన్‌లో పాత ఆయిల్ అలాగే ఉండగా దాని మీద ఇంకో నాలుగు లీటర్లు చేరింది. వీధి మలుపు దాకా వెళ్లారో లేదో, వెనకంతా నీలం పొగ. గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది తప్ప కారు కదలడం లేదు. క్రేన్ వచ్చి కారును ఎత్తుకెళ్తుంటే ఆయన మేడ మీద నిలబడి ఫోన్ చూసుకుంటున్నారు, అదేదో ఇంకొకరి కారైనట్టు.

సెలవులు వస్తున్నాయి. చాలామంది నాలుగు వీడియోలు చూసి స్పానర్లు బయటికి తీసే రోజులివి. అందుకే రాస్తున్నాను. చేతికి గ్లవుజులు వేసుకోండి, వెలుతురులో పని చేయండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

ఒక ప్లగ్ బదులు ఇంకో ప్లగ్ విప్పడం పెద్ద తప్పేమీ కాదు. అనుభవం ఉన్నవాళ్లూ చేస్తారు. కొన్ని కార్లలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, తలకాయలు కూడా ఒకేలా ఉంటాయి. సెల్ఫ్ కొట్టక ముందు ఆయనకు జరిగిన నష్టం ఎంత? గేర్‌బాక్స్‌కు కావలసిన ఆయిల్, ఒక పూట సమయం, కాస్త పరువు. అంతే. కొట్టాక గేర్‌బాక్స్ పోయింది, ఇంజిన్ కూడా విప్పి చూడాల్సి వచ్చింది. ఆయిల్ మరీ ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్ దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగలో గాలే ఎక్కువ. ఆయిల్ చేయాల్సిన పని గాలి చేయదు.

నేను చూసిన కేసుల్లో మనుషుల్ని నిండా ముంచింది మొదటి తప్పు కాదు. 'ఏదో తేడాగా ఉందే' అనిపించాక కూడా, ఓసారి స్టార్ట్ చేసి చూద్దాం అనుకోవడం. ఎందుకలా చేస్తారంటే సిగ్గు. ఇంట్లో వాళ్లు నవ్వుతారని, మెకానిక్‌ను పిలిస్తే 'మీరెందుకు ముట్టుకున్నారు సార్' అంటాడని. స్టార్ట్ అయితే ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా అన్న ఆశ. తేడా అనిపించిందా, తాళం తిప్పకండి.

పోసేవి

బానెట్ ఎత్తితే నాలుగైదు మూతలు కనిపిస్తాయి. ఇంజిన్ ఆయిల్‌ది, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ది, బ్రేక్‌ది, అద్దం కడిగే నీళ్లది. అద్దం నీళ్లు కూలెంట్‌లో పోసినవాళ్లున్నారు, కూలెంట్‌ను అద్దం నీళ్లలో పోసినవాళ్లూ ఉన్నారు. రెండోది నవ్వుకుని కడిగేసుకుంటే సరిపోతుంది. మొదటిది చేసినప్పుడు తాళం తిప్పకండి. సబ్బు నీళ్లు తొట్టెలో ఉన్నంతసేపు తీయడం తేలిక, ఇంజిన్ అంతా తిరిగాక కష్టం.

అసలు ప్రమాదం బ్రేక్ మూత దగ్గర. మనం దాన్ని 'బ్రేక్ ఆయిల్' అంటాం, తిప్పలన్నీ ఆ పేరుతోనే వచ్చాయి. అది ఆయిల్ కాదు. దాదాపు అన్ని కార్లలో వాడేది గ్లైకాల్ రకం ద్రవం. బ్రేకుల్లోని రబ్బరు సీళ్లను దానికి తగ్గట్టే తయారు చేస్తారు. ఇంజిన్ ఆయిల్ తగిలితే అవి ఉబ్బిపోతాయి. 'రెండూ ఆయిలేగా, ఇంట్లో మిగిలింది కాస్త పోస్తే ఏమవుతుంది' అని పోస్తారు. ఆ రోజు ఏమీ కాదు. తర్వాత బ్రేకులు పట్టేస్తాయి, లేదా అసలు పట్టవు. పోశాక గుర్తొస్తే తాళమే కాదు, పెడల్ కూడా ముట్టుకోకండి. తొక్కిన కొద్దీ అది లోపలి పైపుల్లోకి వెళ్తుంది. తొక్కకుండా షెడ్డుకు ఫోన్ చేస్తే తొట్టె కడిగి, దాని దగ్గరి భాగాలు మార్చే దగ్గరే ఆగొచ్చు. తొక్కాక పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా రబ్బరు ఉన్నవన్నీ మార్చాల్సి రావచ్చు.

డీజిల్ కారులో పెట్రోలు పోయడం కూడా ఇలాంటిదే. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం పంపుకు డీజిలే నూనెలా పనిచేస్తుంది. పెట్రోలుకు ఆ జిడ్డు లేదు. లోపల ఇనుము ఇనుమును గీసుకుని, ఆ రజను ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా పోతుంది. తాళం సగం తిప్పినా చాలు, కొన్ని కార్లలో ట్యాంకులోని పంపు పని మొదలుపెట్టేస్తుంది. ఏసీ కోసమో పాటల కోసమో కూడా తిప్పకండి. తోసి పక్కన పెట్టండి, ట్యాంకు ఖాళీ చేయించండి.

బ్రేకులు

ఇది నా సొంత కథ. ముందు చక్రాలకు కొత్త ప్యాడ్లు వేసుకున్నాను. పాతవి అరిగి సన్నబడ్డాయి, కొత్తవి మందం. అవి పట్టాలంటే, చక్రంతో తిరిగే డిస్క్‌కేసి ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోని పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. నెట్టాను, ప్యాడ్లు పెట్టాను, చక్రాలు బిగించాను. బోల్టులన్నీ సరిగ్గా బిగించానన్న సంతోషంలో స్టార్ట్ చేసి రివర్స్ వేశాను. బ్రేక్ తొక్కితే పెడల్ నేలదాకా దిగిపోయింది, దూదిలో కాలు పెట్టినట్టు. వెనక గోడ ఆపింది.

నెట్టిన పిస్టన్ మళ్లీ ముందుకొచ్చి ప్యాడ్‌ను డిస్క్‌కు ఆనించేదాకా బ్రేక్ ఉండదు. అందుకు పెడల్‌ను పదిసార్లో ఇరవైసార్లో తొక్కాలి, గట్టిపడేదాకా. ఇంజిన్ ఆపి ఉండగానే. గట్టిపడకపోతే ఏదో తేడా ఉంది, తాళం తిప్పకండి. నాకు ఆ రోజు ఎక్కడా అనుమానం రాలేదు నిజమే, కానీ తొక్కి చూసుంటే వచ్చేది. బంపర్ మార్పించాను. ఎదురింటి వాళ్లు 'ఏం సార్, గోడకు పార్కింగ్ నేర్పుతున్నారా' అని ఏడాది పాటు అడిగారు.

ప్యాడ్‌ను తిరగేసి పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, ఇనుప రేకు డిస్క్ వైపు వచ్చేలా. నవ్వకండి, పాతవి ఎలా ఉన్నాయో ఫోటో తీసుకోకుండా విప్పితే ఎవరికైనా జరుగుతుంది.

పడిపోయేవి

స్పార్క్ ప్లగ్ తీసిన రంధ్రంలోకి చిన్న నట్టు జారిపోయింది అనుకోండి. కనిపించదు. 'కింద ఎక్కడో పడి ఉంటుందిలే' అంటుంది మనసు. నేల మీద దొరికే దాకా అది ఇంజిన్‌లోనే ఉందని లెక్క. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే పిస్టన్ దాన్ని తీసుకెళ్లి పైకప్పుకేసి కొడుతుంది. అయస్కాంతం కడ్డీతో వెతకండి, నట్టు అల్యూమినియందైతే దానికి అంటదు. సన్నటి కెమెరా ఉన్నవాళ్లను పిలవండి. గంట పట్టనివ్వండి, రోజు పట్టనివ్వండి. తాళం తిప్పకండి.

విప్పిన ఎయిర్ ఫిల్టర్ పైపులో దుమ్ము పడకుండా గుడ్డ కుక్కుతాం. మంచి పనే. ఆ గుడ్డ తీశారా?

ఆయిల్ ఫిల్టర్ విప్పినప్పుడు పాత రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అంటుకుపోతుంది. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులవుతాయి. చేతికి గట్టిగానే తగులుతుంది. స్టార్ట్ చేయగానే ఒత్తిడికి ఒక రింగు పక్కకు తప్పుకుంటుంది, కాసేపట్లో ఆయిలంతా నేల మీదే. పాత ఫిల్టర్‌ను పారేసేముందు తిప్పి చూడండి. దానికి రింగు లేకపోతే అది ఎక్కడుందో మీకు తెలిసినట్టే.

ఇక వరసగా చెప్పేస్తాను, విడదీసి చెప్పే ఓపిక లేదు.

పని మొదలుపెట్టేముందు తాళం ఇంట్లో వాళ్ల చేతికివ్వండి. బటన్ కారైతే రిమోట్‌ను ఇంట్లో దూరంగా పెట్టండి. తాళం అడిగినప్పుడు వాళ్లు మూడు ప్రశ్నలు వేయాలి: స్పానర్లన్నీ లెక్కకు వచ్చాయా, మిగిలిన బోల్టు ఏమైనా ఉందా, కారు కింద కొత్తగా ఏమైనా కారుతోందా.

ప్లగ్ విప్పేముందు అది దేనిదో కారు పుస్తకంలో చూడండి. వేరే మోడల్ వీడియో చూసి విప్పకండి.

కారింది మీరనుకున్న రంగులో లేకపోతే అక్కడే ఆగండి.

ఆయిల్ ఎంతుందో చూపే డిప్‌స్టిక్ చూడకుండా డబ్బా వంచకండి. మామూలు కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా దాదాపు ఒక లీటరే.

జాకీ ఎత్తడానికి, మోయడానికి కాదు. స్టాండు లేకుండా కారు కిందికి తల పెట్టకండి. చెయ్యీ పెట్టకండి. 'ఒక్క నిమిషమే' అనకండి.

చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేయండి. గాల్లో ఉన్న కారు మీద బలం చూపిస్తే జాకీ మీంచి జారుతుంది.

జాకీ పెట్టే చోటు పుస్తకంలో ఉంటుంది. దొరికిన రేకు కింద పెట్టి ఎత్తితే రేకు నొక్కుకుపోతుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలినా అప్పుడు మెరుపు రాదు.

ఉంగరం తీసేయండి. వాచీ కూడా. పన్నెండు వోల్టులు షాక్ కొట్టకపోవచ్చు, కానీ బ్యాటరీకీ బాడీకీ మధ్య చిక్కుకున్న ఉంగరం ఎర్రగా కాలుతుంది.

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పకండి. గుడ్డ అడ్డం పెట్టుకుని కూడా.

ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాను తిరగొచ్చు. వేళ్లు దూరం.

మూసిన షెడ్‌లో ఇంజిన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కారిన కూలెంట్‌ను అలా వదిలేయకండి, తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లలూ నాకుతారు. అది విషం.

హైబ్రిడ్‌లో, ఎలక్ట్రిక్‌లో నారింజ రంగు తీగలు ముట్టుకోకండి. ఎయిర్‌బ్యాగ్ విప్పకండి. సస్పెన్షన్ స్ప్రింగ్ విప్పకండి. వీటికి కారణాలు చెప్పను.

మొదటిసారి స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు కొన్ని సెకన్లలోనే ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. 'ఇంకోసారి చూద్దాం' వద్దు. ఆపాక మళ్లీ తిప్పకండి.

వాసన మారినా, చప్పుడు మారినా, ఒక బోల్టు మిగిలినా, ఒక బోల్టు తగ్గినా తాళం తిప్పకండి.

షెడ్డు వాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ ప్లగ్ విప్పారు, ఏది ఎంత పోశారు, డబ్బా మీద ఏముంది, ఫోటో ఉంటే పంపండి. 'నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది' అని కట్టుకథ చెబితే వాళ్లు రెండు రోజులు తప్పు చోట వెతుకుతారు, ఆ కూలీ కూడా మీదే. నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ తర్వాత వాళ్లు అడిగే మొదటి మాట 'సెల్ఫ్ కొట్టి చూశారా సార్?' అని. లేదు అని చెప్పేలా ఉండండి.