కథలోంచి కాలాన్ని తీసేసి చూడండి: పిల్లల చారిత్రక సాహస నవలలకి సమీక్ష రాయడం ఎలా

నేను కోవూరులో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఇంటికొచ్చాక చదివేవి మాత్రం పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం రాసిన చారిత్రక సాహస నవలలు. చదివి ఊరుకోను, నచ్చినా నచ్చకపోయినా సమీక్ష రాసి పెడతాను. "ఈ వయసులో నీకు పిల్లల పుస్తకాలేంది?" అని అడిగేవాళ్ళున్నారు. పద్నాలుగేళ్ళప్పుడు కథలో చూసిన కాకతీయులే మనకి జన్మంతా గుర్తుండే కాకతీయులు. తర్వాత ఎన్ని చరిత్ర పుస్తకాలు చదివినా ఆ బొమ్మ ఒక పట్టాన చెరగదు. కాబట్టి ఈ నవలల్ని ఎవరో ఒకరు శ్రద్ధగా చదివి, మంచిచెడ్డలు చెప్పాలి. మీకు చదివే అలవాటుంటే ఆ పని మీరూ చెయ్యొచ్చు.

ముందు ఏది చారిత్రక సాహసమో, ఏది జానపద సాహసమో తేల్చుకోండి. 1947లో మొదలైన చందమామ మనలో చాలామందికి సాహస కథల రుచి చూపించింది. కానీ అందులోని సీరియల్స్‌లో చాలావాటికి ఫలానా సంవత్సరం, ఫలానా రాజ్యం అని ఉండదు. అదేమీ లోపం కాదు, జానపదానికి ఆ లెక్క అక్కర్లేదు. చారిత్రక నవల మాత్రం ఒక కాలాన్ని పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచాక దానికి జవాబుదారీ. జానపదాన్ని చరిత్ర తూకంతో తూచకూడదు, చారిత్రక నవలని "కథే కదా" అని వదిలెయ్యకూడదు.

తెలుగులో ఈ వయసు పిల్లల కోసమే రాసిన చారిత్రక నవలలు తక్కువ. ఉన్నవి చదవండి, అనువాదాలు చదవండి, పెద్దల కోసం రాసినా పిల్లలు చదవగలిగిన పాత నవలలు వెతకండి. నెల్లూరు జిల్లా గ్రంథాలయంలో అట్టలు ఊడిన పాత పుస్తకాల బీరువాల్లో ఇలాంటివి దొరుకుతాయి. కొత్తవాటికే అతుక్కుపోవద్దు.

మొదటిసారి పెన్సిల్ లేకుండా చదవండి. ఇది సాహస నవల. పేజీ తిప్పించిందా లేదా అన్నది మొదటి ప్రశ్న, దానికి జవాబు పరుగు మీద చదివితేనే తెలుస్తుంది. ముందుమాట, చివర్లో రచయిత రాసుకున్న మాట కూడా అప్పుడు వద్దు. ఎక్కడ ఆపి పక్కన పెట్టాలనిపించిందో ఆ పేజీ దగ్గర ఒక కాగితం ముక్క పెట్టండి, చాలు.

రెండోసారి మాత్రం నోటుబుక్కు తీయండి. నా అసలు పని ఇక్కడే. పేజీని నాలుగు గళ్ళు చేస్తాను: ఎన్నో రోజు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏం తిన్నారు, వాతావరణం ఎలా ఉంది. అధ్యాయం అయిపోగానే గళ్ళు నింపాలి. ఏ నవలైనా రెండు మూడు అధ్యాయాలకే బయటపడిపోతుంది. ఒక నవల్లో కథానాయకుడు నెల్లూరులో పొద్దున బయల్దేరి కాలినడకన మర్నాడు సాయంత్రానికి ఉదయగిరి కోట కింద ఉంటాడు. బస్సు దారినే లెక్కేసుకున్నా దాదాపు వంద కిలోమీటర్లు. పదిహేనేళ్ళ పిల్లవాడు ఎంత గట్టిగా నడిచినా రోజుకి పాతిక ముప్పై కిలోమీటర్లు. అంటే మూడు నాలుగు రోజుల దారి. ఆ రోజులు ఎటుపోయాయి? ఆ మధ్య రాత్రుళ్ళు వాడు యాడ పడుకున్నాడు? ఎవరు అన్నం పెట్టారు? కథ అక్కడే ఉంది, రచయిత దాన్ని దాటేశాడు.

తిండి గడి ఖాళీగా ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది. నా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఒక పుస్తకం తనకి చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "ఏందత్తా, వీడు మూడు రోజుల్నించీ ఏం తిన్లేదే?" అనింది. నేను సమీక్షలో ఒక పేరా అంతా రాసి చెప్పాలనుకున్నది అదే. ఆకలి లేని ప్రయాణం పిల్లలకి నమ్మబుద్ధి కాదు. తిండి ఉన్నా ఏం తింటున్నారో చూడండి. కాకతీయుల కాలం కథలో ఎర్రగా మిరపకాయ వేసిన చేపల పులుసు కనపడితే పేజీ నంబరు రాసుకోండి. మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశెనగ, బొప్పాయి, జీడిమామిడి ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసువాళ్ళు మన దేశానికి సముద్రం మీద వచ్చిందే 1498లో. పదమూడో శతాబ్దపు పులుసుకి కారం మిరియాలే ఇవ్వాలి. నెల్లూరువాళ్ళకి ఇది మింగుడుపడని సంగతే గాని నిజం.

వాతావరణం గడి మన కోస్తా పాఠకులకి బాగా పనికొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరం ఎలా ఉంటుందో మనకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. కార్తీక మాసంలో ఓడ తీరం నుంచి నింపాదిగా బయల్దేరిందని రాస్తే, ఆ నావికుడికి తుఫాను భయం ఎందుకు లేదని అడగండి. వంతెనలు లేని కాలంలో పెన్న నిండుగా పారుతుంటే కథానాయకుడు గుర్రం మీద ఎలా దాటాడు? ఇలాంటి ప్రశ్నలు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉండేవాళ్ళకి తట్టకపోవచ్చు. మీ ఊరి చుట్టుపక్కల కథ దొరికితే మీ మొదటి సమీక్ష దానికే రాయండి.

మ్యాపు కూడా గీయండి. వంకరగా వచ్చినా పర్వాలేదు. స్టీవెన్‌సన్ రాసిన 'ట్రెజర్ ఐలాండ్' అనే సాహస నవల పుట్టిందే మ్యాపు నుంచి. 1881లో స్టీవెన్‌సన్ తన సవతి కొడుకు కోసం సరదాగా ఒక దీవి పటం గీస్తే, దాని మీద కథ లేచింది. పటం ముందు, పాత్రలు తర్వాత. అందుకే ఆ కథలో ఎవరు ఏ గుట్ట వెనక ఉన్నారో మనకి తెలుస్తూనే ఉంటుంది. మీరు చదివే నవలకి పటం గీయలేకపోతున్నారంటే, కోట గుమ్మం ఒక అధ్యాయంలో తూర్పున, ఇంకో అధ్యాయంలో పడమర ఉందేమో చూడండి.

ఇప్పుడు అసలు పరీక్ష. కథలోంచి ఆ కాలాన్ని తీసేసి చూడండి. రాజు పేరు మార్చి, రెండొందల ఏళ్ళు ముందుకో వెనక్కో జరిపితే కథ చెక్కుచెదరకుండా నడుస్తుందా? నడిస్తే అందులో చరిత్ర లేనట్టే. తలపాగాలూ కత్తులూ మాత్రమే ఉన్నట్టు.

మోటుపల్లి రేవు మీద ఒక నవల ఉందనుకుందాం. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది ఆ ఊరు. అక్కడ కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు రాజులు, గాలివానకి దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవాళ్ళు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, న్యాయంగా రావాల్సిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోనని మాట ఇచ్చాడు. కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు ఇలా సరుకుల పేర్లు కూడా అందులో ఉన్నాయి. మన నవల్లో ఒక వర్తకుడి కూతురు ఉంది, తండ్రి ఓడ తుఫానులో పగిలింది. శాసనం వచ్చిందని స్థానిక అధికారికి తెలుసు, ఆ పిల్లకి తెలియదు. సరుకు మాయమయ్యేలోపు ఆ పిల్ల శాసనం సంగతి తెలుసుకుని పై అధికారి దగ్గరికి చేరాలి. ఇక్కడ శాసనం తీసేస్తే కథే లేదు. ఇదే కథని వేరే శతాబ్దంలోకి జరపలేం. దీనికి బదులు అదే రేవులో దొంగలు దాచిన నిధి కోసం వెతికే కథ రాస్తే, దాన్ని ఏ రేవులో అయినా ఏ కాలంలో అయినా పెట్టొచ్చు. రెండోది సరదాగా ఉండొచ్చు, ఆ మాట సమీక్షలో ఒప్పుకోండి. కానీ చారిత్రక నవలగా మొదటిదే ముందుంటుందని ధైర్యంగా రాయండి.

ఉదయగిరినీ ఇలాగే చూడొచ్చు. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటని కృష్ణదేవరాయలు ఏడాదిన్నర దాకా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. ఏడాదిన్నర ముట్టడి అనగానే సాహసం ఎక్కడుందో అర్థమవ్వాలి: లోపల నీళ్ళు, గింజలు ఎన్నాళ్ళొస్తాయి, కొండ మీదికి దొంగదారి ఎవరికి తెలుసు, బయట సైన్యాన్ని ఎవరు మేపారు. కత్తియుద్ధాలతోనే రెండొందల పేజీలు నింపిన రచయిత ఆ ముట్టడిని వాడుకోలేదు.

నిజానిజాలు సరిచూడటంలో అతి వద్దు. ప్రతి బొత్తానికీ ఆధారం అడుగుతూ కూర్చుంటే మీ సమీక్ష ఎవరూ చదవరు. కథ మలుపు తిరిగిన చోట్లు రెండో మూడో ఎంచుకుని అవి మాత్రమే చూడండి. మన ప్రాంతానికైతే బోస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ (1873), బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి 1905లో మూడు సంపుటాలుగా తెచ్చిన నెల్లూరు జిల్లా శాసనాలు ఉన్నాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఒంగోలు, కందుకూరు కూడా కలిసే ఉండేవి కాబట్టి ప్రకాశం వాళ్ళకీ అవే పనికొస్తాయి. మాన్యువల్ రాసింది కలెక్టరాఫీసు కంటితో అని గుర్తుపెట్టుకుని చదవండి.

చరిత్రని మార్చడం తప్పు కాదు. మార్చి చెప్పకపోవడం తప్పు. 'కిడ్నాప్డ్' నవల్లో స్టీవెన్‌సన్, స్కాట్లాండులో 1752లో జరిగిన ఒక హత్యని 1751కి జరిపాడు. జరిపిన సంగతి అంకితంలోనే చెప్పేశాడు, సముద్రంలోని రాళ్ళగుట్టల్ని కూడా కథ కోసం దగ్గరికి లాగానని ఒప్పుకున్నాడు. చివరి పేజీల్లో రచయిత మాట ఉందా, అందులో ఏది కల్పనో చెప్పారా అన్నది నేను ప్రతి సమీక్షలో రాస్తాను. పిల్లల పుస్తకానికి అది ఉండి తీరాలని నా పట్టుదల.

పాత నవలని కొత్త పరిశోధనతో కొట్టకండి. రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ 1954లో రాసిన 'ది ఈగిల్ ఆఫ్ ది నైన్త్' రెండు సంగతుల మీద నిలబడింది: బ్రిటన్‌లో చరిత్రకి అందకుండా పోయిన రోమన్ తొమ్మిదో దళం, 1866లో ఇంగ్లండులోని సిల్చెస్టర్ తవ్వకాల్లో దొరికిన కంచు గద్ద బొమ్మ. ఆ గద్ద సైన్యం జెండా మీదది కాదని, ఆ దళం బ్రిటన్‌లోనే అంతమైందని చెప్పలేమని పండితులు తర్వాత తేల్చారు. అంతమాత్రాన నవల పాడవలేదు. రచయిత్రి తనకి ఆనాడు తెలిసినదాన్ని నిజాయితీగా వాడుకుందా అన్నదే మీరు చూడాలి. ఇప్పుడు తెలిసిన సంగతిని ఒక్క వాక్యంలో చేర్చండి, పిల్లలకి అది ఇంకో కథలా ఉంటుంది.

ఇంకొక్కటి, దీన్ని నేను అస్సలు వదలను. శత్రువుని ఎలా రాశారు? వేరే మతంవాళ్ళు, వేరే రాజ్యంవాళ్ళు అందరూ ఒకే రకం దుర్మార్గులుగా ఉంటే, అందులో ఒక్కడికైనా పేరూ ఇల్లూ భయమూ లేకపోతే, ఎంత బాగా పరిగెత్తినా ఆ పుస్తకాన్ని నేను పిల్లలకి ఇవ్వమని చెప్పను. ఆడపిల్లలు ఉన్నారా, ఉంటే కథని వాళ్ళు ఒక్కసారైనా మలుపు తిప్పారా? పడవ నడిపినవాళ్ళు, గుర్రాలు కడిగినవాళ్ళు మాట్లాడారా? పేజీ నంబర్లతో సహా రాయండి.

ఇక రాయడం. రెండు పేజీలు దాటొద్దు. మొదటి పేరాలోనే ఏ కాలం, ఏ చోటు, పిల్లవాడికి వచ్చిన చిక్కేంటి చెప్పెయ్యండి. కథ మూడో వంతు దాటి ఒక్క సంగతి కూడా బయటపెట్టకండి, సాహస నవలకి అంతకు మించిన ద్రోహం లేదు. "చాలా బాగుంది", "ఉత్కంఠభరితం" అనే మాటలు కొట్టేసి, ఆ చోట అలా అనిపించిన సన్నివేశం పెట్టండి. "భాష బాలేదు" అనకుండా, "42వ పేజీలో గొర్రెల కాపరి కొడుకు పండితుడిలా మాట్లాడతాడు" అని రాస్తే రచయితకీ ఉపయోగం. నక్షత్రాలూ మార్కులూ నేను ఇవ్వను. ఏ వయసువాళ్ళకి అన్నది మాత్రం తప్పకుండా చెప్తాను, చావులూ హింసా ఎంత దగ్గరగా చూపించారో కూడా, ఎందుకంటే తల్లిదండ్రులు వెతికేది ఆ వాక్యాన్నే.

రాసింది వెంటనే బయట పెట్టకండి. ముందు ఆ వయసు పిల్లల్లో ఒకరికి చదివి వినిపించండి. మా మేనకోడలు నా సమీక్ష విని, "అయితే ఆ పుస్తకం యాడుంది అత్తా?" అని అడిగితే సరే. అడగకపోతే మొదటి పేరా మళ్ళీ రాస్తాను. తనకి నచ్చి నాకు నచ్చని పుస్తకాలు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు ఇద్దరి మాటా రాస్తాను, ఎవరి మాట ఏదో తెలిసేలా.