పత్తి పైసలు చేతిలో ఉన్నప్పుడు: బిట్‌కాయిన్ నాణెం కొనేముందు జాగ్రత్తలు

ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన పైసలు చేతికి రావడం, ధనత్రయోదశికి గ్రాము బంగారమైనా కొనాలనిపించడం ఇంచుమించు ఒకే కాలంలో జరుగుతాయి. మోసగాళ్లకు కూడా ఇదే సీజన్. "అన్నా, ఇది బయట లక్షల్లో నడుస్తోంది, మనోళ్లని సగానికే ఇస్తున్నా" అంటూ ఎవరైనా మెరిసే బిట్‌కాయిన్ నాణెం చేతిలో పెడితే, ధర అడగకండి. దీంట్లో కీ ఉందా, ఎక్కడుంది అని అడగండి.

బిట్‌కాయిన్ అంటే 2009 నుంచి నడుస్తున్న ఒక ఉమ్మడి ఖాతా పుస్తకంలోని అంకె. ఆ అంకెను ఒకరి నుంచి ఇంకొకరికి మార్చాలంటే ప్రైవేట్ కీ అనే రహస్య అక్షరాల వరుస కావాలి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే పూత నాణేల్లో అది ఉండదు. షోకేసులో పెట్టుకోవడానికి బాగుంటాయి, అంతే. అవుసులాయన గీటురాయి బంగారం సంగతి తేల్చగలదు గానీ కీ సంగతి తేల్చలేదు.

నిజంగా కీ ఉన్న నాణేలు కూడా ఉన్నాయి. అమెరికాలోని యూటాకు చెందిన మైక్ కాల్డ్‌వెల్ 2011లో కాసాషియస్ పేరుతో వాటిని తయారు చేశాడు. కీ రాసిన చిన్న కాగితం లోపల, దానిపైన హోలోగ్రామ్ స్టిక్కర్. స్టిక్కర్‌లోని చిన్న కిటికీలోంచి ఖాతా నంబరు లాంటి అడ్రస్‌లోని మొదటి ఎనిమిది అక్షరాలు కనిపిస్తాయి. స్టిక్కర్ లాగితే తేనెపట్టు లాంటి గళ్లు పడతాయి. తొలి విడతలో బ్రాండ్ పేరే ఒక అక్షరం తప్పిపోయి అచ్చయింది, విచిత్రంగా కలెక్టర్లు వాటికోసమే ఎగబడతారు! అమెరికా ఆర్థిక శాఖ విభాగం నుంచి నోటీసు వచ్చాక 2013 చివర్లో ఆయన బిట్‌కాయిన్ నింపిన నాణేలు అమ్మడం ఆపేశాడు. అలాంటిది మన హన్మకొండ చౌరస్తాలో చవగ్గా తిరుగుతోందంటే నమ్మబుద్ధి కాదు.

సరే, కీ ఉందనే అనుకుందాం. అడ్రస్‌ను బ్లాక్‌చెయిన్ ఎక్స్‌ప్లోరర్‌లో (ఆ ఉమ్మడి ఖాతా పుస్తకాన్ని చూపించే వెబ్‌సైటులో) మీ ఫోన్‌లోనే, మీరే కొట్టి చూడండి. అమ్మేవాడు పంపిన లింకు, వాడు చూపించే స్క్రీన్‌షాట్ వద్దు. బ్యాలెన్స్ కనిపించినా టెన్షన్ తీరదు: ఆ కీని తయారు చేసినవాడు దాన్ని ఒకసారి చూసే ఉంటాడు, కాపీ పెట్టుకుంటే రేపు ఎక్కడినుంచైనా ఊడ్చేయగలడు. గీత పడకుండా హోలోగ్రామ్ లేపొచ్చని 2013లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో చేసి చూపించారు కూడా. అందుకే కీ మీ చేతికి వచ్చాక డబ్బును మీ సొంత బిట్‌కాయిన్ వాలెట్‌కు మార్చుకునేదాకా అది మీది కానట్టే లెక్క. మార్చిన నాణెం ఇక ఖాళీదే, దాన్ని నిండుదని ఇంకొకరికి అంటగట్టకండి.

కీని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి చూపించడానికైనా సరే.

నాణెం ఇచ్చి, ఇద్దర్ని చేర్పిస్తే నెలనెలా పైసలొస్తాయని చెప్పేది వేరే వ్యాపారం. అది గొలుసుకట్టు, నాణెం ఊరికే ఎర. రిజర్వ్ బ్యాంకు 2022లో మొదలుపెట్టిన డిజిటల్ రూపాయి తాలూకు నాణెమని చెప్పినా అంతే: అది ఫోన్ వాలెట్లోనే ఉంటుంది. పన్ను సంగతి కూడా చూసుకోండి. క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయనివ్వరు.

ఒకవేళ పైసలు పంపేసి ఉంటే సిగ్గుపడి ఆగకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు ఖాతాలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ లావాదేవీ నంబరు, చాట్ చెరిపేయకుండా ఉంచండి. "ఇంకో పదివేలు కడితే లాక్ తీసి మొత్తం ఇస్తాం" అని మళ్లీ ఫోన్ వస్తుంది, ఒక్క రూపాయి కూడా పంపకండి.